నంబర్ వన్ పేరు రాసేస్తే చాలదు: వింబుల్డన్ మహిళల డ్రా చదివే పద్ధతి

విజయనగరంలో స్టాటిస్టిక్స్‌తో డిగ్రీ ఫైనలియర్ చదువుతున్న ఒకమ్మాయి అడిగిన ప్రశ్న ఇది: "మాస్టారూ, మా హాస్టల్లో ఏటా వింబుల్డన్ మొదలయ్యే ముందు మహిళల సింగిల్స్ ఎవరు గెలుస్తారో చీటీ మీద రాసి డబ్బాలో వేస్తాం. నేను ఎప్పుడూ టాప్ సీడ్ పేరే, అంటే టోర్నీవాళ్లు ఒకటో నంబరు ఇచ్చిన ప్లేయర్ పేరే రాస్తాను, ఎప్పుడూ తప్పుతోంది. ఆడవాళ్ల టెన్నిస్ లాటరీ, దానికి లెక్కలేంటని మా అన్నయ్య అంటాడు. నిజంగా అంచనా వేసే పద్ధతి ఏమైనా ఉందా? ఇంకో మాట, యాప్‌లో డబ్బులు పెడితే బాగా వస్తాయని మా సీనియర్ చెబుతోంది. పెట్టొచ్చా?"

అమ్మా, పద్ధతి ఉంది. నువ్వు చదివే సబ్జెక్టులోనే ఉంది. ముందు మీ అన్నయ్య మాట సంగతి చూస్తాను, ఎందుకంటే ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను, సాయంత్రాలు మన ఊళ్లోనే పిల్లలకి టెన్నిస్ నేర్పుతున్నాను. వచ్చేవాళ్లలో అమ్మాయిలే ఎక్కువ. వాళ్లు వింటుండగా ఎవరైనా "ఆడపిల్లల మ్యాచే కదా, ఎవరైనా గెలవొచ్చు" అంటే నేను ఊరుకోను. కాగితం, పెన్ను తెప్పించి అక్కడే లెక్క వేసి చూపిస్తాను. నీకూ అదే చూపిస్తున్నాను.

లాటరీ అంటే డ్రాలో, అంటే ఎవరు ఎవరితో ఆడాలో చెప్పే పట్టికలో ఉన్న 128 మందికీ ఒకే అవకాశం ఉండాలి. అప్పుడు ఒక్కొక్కరికి వచ్చేది 0.8 శాతం. ఇప్పుడు టాప్ సీడ్ సంగతి చూడు. టైటిల్ కావాలంటే వరసగా ఏడు మ్యాచ్‌లు గెలవాలి, ఒక్కటి పోయినా ఇంటికే. ఒకమ్మాయికి ప్రతి మ్యాచ్‌లోనూ 80 శాతం గెలిచే అవకాశం ఉందనుకుందాం. చాలా గట్టి ప్లేయర్ అన్నమాట. 0.8ని ఏడుసార్లు గుణిస్తే వచ్చేది 0.21. అంటే టోర్నీ మొదలయ్యేనాటికి ఆమె గెలిచే అవకాశం అయిదింట ఒక వంతు, గెలవకపోయే అవకాశం నాలుగు వంతులు. మ్యాచ్‌కి 75 శాతం అనుకుంటే టైటిల్ అవకాశం 13 శాతానికి పడిపోతుంది. మ్యాచ్‌కి 90 శాతం ఉన్న మహా ప్లేయరైనా సరే, ఏడు మ్యాచ్‌లూ దాటడానికి 48 శాతమే.

దీన్ని వింబుల్డన్ చరిత్ర పక్కన పెట్టి చూడు. 2017 నుంచి 2025 వరకు, కోవిడ్ వల్ల జరగని 2020ని వదిలేస్తే, ఎనిమిది టోర్నీలు జరిగాయి. ఎనిమిది మంది వేరువేరు విజేతలు. 2017లో ముగురుజా 14వ సీడ్, 2018లో కెర్బర్ 11, 2019లో హలెప్ 7, 2021లో యాష్ బార్టీ 1, 2022లో రిబాకినా 17, 2023లో వొండ్రుసోవాకి అసలు సీడే లేదు, 2024లో క్రెజికోవా 31, 2025లో స్వియాటెక్ 8. టాప్ సీడ్‌గా దిగి గెలిచింది బార్టీ ఒక్కతే. మీ అన్నయ్య చూసి లాటరీ అంటున్నది దీన్నే. కాని మ్యాచ్‌కి 75 నుంచి 80 శాతం లెక్కన ఎనిమిది టోర్నీల్లో టాప్ సీడ్‌కి రావలసిన టైటిళ్లు ఒకటి, మహా అయితే రెండు. ఒకటి వచ్చింది. లెక్క ఎంత చెప్పిందో అంతే జరిగింది. లాటరీలో వచ్చే 0.8 శాతానికీ ఈ 13, 21 శాతాలకీ ఎంత తేడా ఉందో నువ్వే చూడు.

ఇక్కడ మూడు సెట్ల సంగతి కూడా చెప్పాలి. గ్రాండ్ స్లామ్‌లో, అంటే వింబుల్డన్ లాంటి నాలుగు అతిపెద్ద టోర్నీల్లో మగవాళ్లు మూడు సెట్లు గెలవాలి, ఆడవాళ్లు రెండు గెలిస్తే చాలు. ఒక సెట్ గెలిచే అవకాశం 70 శాతం ఉన్న ప్లేయర్‌ని తీసుకో. రెండు సెట్లు గెలిస్తే చాలు అన్నప్పుడు ఆమె మ్యాచ్ గెలిచే అవకాశం 78 శాతం. అదే బలం ఉన్న మనిషికి మూడు సెట్లు గెలవాలనే నియమం పెడితే 84 శాతం అవుతుంది. ఆట పొడుగయ్యే కొద్దీ బలమైనవాళ్లకి లాభం. ఆ అయిదారు శాతం తేడా ఏడు మ్యాచ్‌ల మీద గుణించుకుంటూ పోతే ఎక్కడికి చేరుతుందో నీకు వేరే చెప్పక్కర్లేదు. ఇది పూర్తిగా నియమంలో ఉన్న తేడా. ఆడవాళ్లకి నిలకడ లేదు, టెన్షన్ తట్టుకోలేరు అనే మాటలకి ఇందులో చోటే లేదు.

మన జిల్లా వాళ్లకి అర్థమయ్యేలా ఒక పోలిక చెబుతాను. నెల్లిమర్ల పక్కన కొండవెలగాడ ఉంది కదా, వెయిట్ లిఫ్టింగ్ ఊరు. అక్కడ ఏ అమ్మాయి ఎన్ని కిలోలు ఎత్తుతుందో కోచ్‌కి పోటీకి ముందే దాదాపుగా తెలుసు. శ్రీకాకుళం బిడ్డ కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఆ బరువు మీద పక్క దేశం అమ్మాయి చెయ్యి పడదు. టెన్నిస్‌లో అవతలి మనిషి పనే నీ ఆట చెడగొట్టడం. అందుకే ఒక ప్లేయర్ "ఎంత బాగా ఆడుతుంది" అని అడిగితే సగం ప్రశ్నే అడిగినట్టు. ఎవరి మీద, ఏ కోర్టు మీద అన్నది కూడా అడగాలి.

కోర్టు సంగతి అన్నిటికంటే ముఖ్యం, కాబట్టి దీని దగ్గర కాసేపు ఆగుదాం. నేను నేర్పే చోట ఒక సిమెంటు కోర్టు, ఒక ఎర్రమట్టి కోర్టు పక్కపక్కనే ఉన్నాయి. నా దగ్గర ఇద్దరు అమ్మాయిలున్నారు, ఒకే వయసు. ఒకమ్మాయి ఫ్లాట్‌గా, బలంగా కొడుతుంది, రెండు మూడు షాట్లలో పాయింట్ తేల్చేస్తుంది. రెండో అమ్మాయికి అంత బలం లేదు గాని కాళ్లు చురుకు, బ్యాక్‌హ్యాండ్ స్లైస్ (బంతిని కిందినుంచి కోసినట్టు కొట్టే షాట్) చక్కగా వేస్తుంది. సిమెంటు మీద మొదటి అమ్మాయి సులువుగా గెలుస్తుంది, బంతి నడుము ఎత్తున సరిగ్గా రాకెట్‌కి వస్తుంది కాబట్టి. మట్టి కోర్టుకి తీసుకెళితే ఆమె కొట్టిన దెబ్బకి బంతి పడ్డచోట వేగం చచ్చిపోతుంది, రెండో అమ్మాయి పరుగెత్తి ప్రతి బంతినీ వెనక్కి పంపుతుంది. నాలుగోసారో అయిదోసారో మొదటి అమ్మాయి కొట్టింది బయటికి పోతుంది. ఆటగత్తెలు వాళ్లే, రాకెట్లు అవే, కోర్టు ఒక్కటే మారింది.

పెద్ద స్థాయిలోనూ జరిగేది ఇదే. 2022లో స్వియాటెక్ వరసగా 37 మ్యాచ్‌లు గెలిచింది. ఆ వరసలో పచ్చిక మీద, అంటే వింబుల్డన్‌లో ఆడినవి రెండే రెండు, మిగతావన్నీ హార్డ్ కోర్టు (సిమెంటు లాంటి గట్టి కోర్టు), క్లే (మట్టి కోర్టు) మ్యాచ్‌లు. ఆ పరుగుకి అడ్డుకట్ట పడింది వింబుల్డన్ మూడో రౌండ్‌లో, ఆలిజే కోర్నే చేతిలో 6-4, 6-2తో. అదే స్వియాటెక్ ఫ్రెంచ్ ఓపెన్ జరిగే పారిస్ మట్టి మీద 2020, 2022, 2023, 2024లో టైటిల్ పట్టుకుపోయింది. సబలెంకని చూడు. 2023 ఆస్ట్రేలియన్ ఓపెన్ నుంచి 2025 యూఎస్ ఓపెన్ దాకా హార్డ్ కోర్టు గ్రాండ్ స్లామ్‌లు ఆరు జరిగితే ఆరింటిలోనూ ఫైనల్లో ఉంది, నాలుగు గెలిచింది. దీన్ని లాటరీ అని ఎవరంటారు? ఆమే వింబుల్డన్‌లో 2021, 2023, 2025లో సెమీస్ దాకా వచ్చి ఆగిపోయింది. అంటే నీకు ఎదురైన చిక్కు మహిళల టెన్నిస్‌ది కాదు, ఎక్కువ భాగం పచ్చికది.

పచ్చిక ఎందుకు కష్టం? అక్కడ బంతి పైకి లేవదు, జారి ముందుకు వస్తుంది. బంతిని ముందుకి తిప్పుతూ కొట్టి ఎత్తుగా లేపే టాప్‌స్పిన్ మీద బతికేవాళ్లకి ఆయుధం మొద్దుబారుతుంది. మంచి సర్వ్, ఫ్లాట్ షాట్, స్లైస్ ఉన్నవాళ్లకి విలువ పెరుగుతుంది. రెండోది, ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్‌కీ వింబుల్డన్ మొదలవడానికీ మధ్య ఉండేది మూడు వారాలే. ఆ కాస్త టైములో ఒక్కొక్కరు ఆడే పచ్చిక మ్యాచ్‌లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. శాంపిల్ చిన్నదైతే అంచనాలో తప్పు పెరుగుతుందని నీకు ఫస్టియర్‌లోనే చెప్పుంటారు. 2025లో వింబుల్డన్‌కి ముందు వారం బాడ్ హోంబుర్గ్‌లో పచ్చిక టోర్నీ జరిగింది. ఫైనల్లో పెగులా స్వియాటెక్‌ని ఓడించింది. ఆ తరవాత వింబుల్డన్‌లో పెగులా మొదటి రౌండ్‌లోనే వెళ్లిపోయింది, స్వియాటెక్ టైటిల్ గెలిచింది. ఒక్క వారం ఫామ్ చూసి పరుగెత్తకూడదు అనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నా దగ్గర లేదు.

ఇప్పుడు ర్యాంకింగ్. అది చెడ్డది కాదు, అది చేసే పని వేరు. మహిళల టెన్నిస్ నడిపే సంస్థ డబ్ల్యూటీఏ ఇచ్చే ర్యాంకు 52 వారాల్లో సంపాదించిన పాయింట్ల లెక్క. గ్రాండ్ స్లామ్ గెలిస్తే 2000, ఫైనల్లో ఓడితే 1300, సెమీస్‌లో ఓడితే 780. ఎవరిని ఓడించావన్నది అందులో కనపడదు, ఏ కోర్టన్నదీ కనపడదు. గాయంతో ఆర్నెల్లు కూర్చుంటే పాయింట్లు కరిగిపోతాయి, ఆట మాత్రం ఎక్కడికీ పోదు. వొండ్రుసోవా అలాంటి మనిషే. 2019లో ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్ ఆడింది, టోక్యో ఒలింపిక్స్‌లో రజతం గెలిచింది, 2022లో మణికట్టు ఆపరేషన్ వల్ల వెనకబడింది. 2023లో వింబుల్డన్‌కి వచ్చేసరికి ర్యాంకు 42. గెలిచాక పేపర్లు 'అనామకురాలు' అన్నట్టు రాశాయి గాని చూసేవాళ్లకి ఆమె అనామకురాలేమీ కాదు. క్రెజికోవా కూడా అంతే. 31వ సీడ్ అన్నది చూశారు, 2021లో ఫ్రెంచ్ ఓపెన్ సింగిల్స్ గెలిచిందనీ, వింబుల్డన్ డబుల్స్ అప్పటికే రెండుసార్లు గెలిచి ఆ పచ్చికని ఇంటి ముంగిలి చేసుకుందనీ చూడలేదు. ముందే ఊహించడం నిజంగా కష్టమైనది ఒకటుంది: 2021 యూఎస్ ఓపెన్‌లో ఎమ్మా రదుకాను. ర్యాంకు 150, క్వాలిఫయింగ్ (అసలు టోర్నీకి ముందు జరిగే అర్హత మ్యాచ్‌లు) నుంచి వచ్చి మొత్తం పది మ్యాచ్‌లు ఒక్క సెట్ కూడా పోగొట్టుకోకుండా గెలిచింది. అలాంటివి జరుగుతాయి, వాటికోసం కూడా నీ లెక్కలో కొంచెం చోటు వదలాలి.

ర్యాంకు బదులు ఎలో రేటింగ్ వాడు. చదరంగం కోసం ఆర్పాడ్ ఎలో అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ తయారుచేసిన పద్ధతి అది. బలమైనవాళ్లని ఓడిస్తే ఎక్కువ పెరుగుతుంది, బలహీనుల చేతిలో ఓడితే ఎక్కువ తరుగుతుంది. దాని అసలు గొప్పతనం ఏమిటంటే, రెండు రేటింగుల తేడా నుంచి నేరుగా గెలుపు శాతం వస్తుంది. 100 పాయింట్ల తేడా ఉంటే పైనున్నవాళ్లకి 64 శాతం, 200 ఉంటే 76, 400 ఉంటే 91. టెన్నిస్‌కి కోర్టువారీగా కూడా ఎలో లెక్క కట్టి నెట్‌లో పెట్టేవాళ్లున్నారు. పచ్చిక మ్యాచ్‌లు తక్కువ కాబట్టి పచ్చిక ఎలో ఒక్కటే నమ్మకుండా, దాన్నీ మొత్తం ఎలోనీ సగం సగం కలిపి వాడు. నేనూ అదే చేస్తాను.

ఇక డ్రా. చీటీ రాయాలంటే డ్రా పడేదాకా ఆగాలి. సోమవారం టోర్నీ మొదలైతే ముందు శుక్రవారం డ్రా వస్తుంది, దానికి ముందు రాసిన పేరుకి పెద్ద విలువ లేదు. 2001 నుంచి 32 మందికి సీడింగ్ ఇస్తున్నారు. ఒకటో సీడ్, రెండో సీడ్ ఫైనల్లో తప్ప ఎదురుపడరు. 17 నుంచి 32 దాకా ఉన్న సీడ్లు మొదటి 16 మందికి మూడో రౌండ్‌లోనే తగలొచ్చు. సీడ్ లేని ప్రమాదకరమైన ప్లేయర్లు, అంటే గాయం నుంచి తిరిగొచ్చినవాళ్లు, పచ్చిక మీద మాత్రమే చెలరేగేవాళ్లు, ఎవరికైనా మొదటి రౌండ్‌లోనే పడొచ్చు. 2025లో మొదటి అయిదు సీడ్లలో గాఫ్, పెగులా, జెంగ్ మొదటి రౌండ్‌లోనే ఓడారు, పవోలిని రెండో రౌండ్‌లో పోయింది, మిగిలింది సబలెంక ఒక్కతే. ఒక భాగంలో పెద్ద సీడ్ పడిపోగానే ఆ పక్కవాళ్లందరి అవకాశాలూ పెరుగుతాయి. నీ కాగితం మీద అంకెలు కూడా రౌండ్ రౌండ్‌కీ మారాలి.

లెక్క వెయ్యడం ఎలాగో సెమీస్ దగ్గర చూపిస్తాను, మిగతాది నువ్వు కంప్యూటర్లో చేసుకోగలవు. నీ ప్లేయర్‌కి సెమీస్ గెలిచే అవకాశం 70 శాతం. అవతలి సెమీస్‌లో ఇద్దరున్నారు. ఒకామె ఫైనల్‌కి రావడానికి 60 శాతం, ఆమె వస్తే నీ ప్లేయర్‌కి గెలుపు అవకాశం 55. ఇంకొకామె రావడానికి 40 శాతం, ఆమె వస్తే నీ ప్లేయర్‌కి 75. 0.6 ఇంటూ 0.55 అంటే 0.33, 0.4 ఇంటూ 0.75 అంటే 0.30, కలిపితే 0.63. దాన్ని 0.7తో గుణిస్తే 0.44. టైటిల్ అవకాశం 44 శాతం. ఇదే పనిని మొదటి రౌండ్ నుంచి చేసుకుంటూ వస్తే 128 మందికీ ఒక్కో అంకె వస్తుంది, అన్నీ కూడితే 100 రావాలి. రాకపోతే ఎక్కడో గుణకారం తప్పింది. ప్రోగ్రామింగ్ వస్తే డ్రాని పదివేలసార్లు ఆడించి ఎవరు ఎన్నిసార్లు గెలిచారో లెక్కపెట్టుకో, జవాబు దాదాపు అదే.

దీని మీద ఒక సవరణ: ఎవరి ఆట ఎవరికి కొరుకుడు పడదో చూడాలి. స్వియాటెక్, ఒస్టాపెంకో 2025 స్టట్‌గార్ట్ వరకు ఆరుసార్లు ఆడితే ఆరుసార్లూ ఒస్టాపెంకోదే గెలుపు. రేటింగ్ ఇది చెప్పదు. ఒస్టాపెంకో బంతిని లేస్తున్నప్పుడే అందుకుని ఫ్లాట్‌గా బాదడం స్వియాటెక్‌కి ఊపిరాడనివ్వదు. ఇలాంటి జంట డ్రాలో ఎదురుపడే వీలుంటే రెండు మూడు శాతం కాదు, ధైర్యంగా పదిహేను ఇరవై శాతం కదుపు. కాని ఒకటి రెండు మ్యాచ్‌ల చరిత్ర చూసి మాత్రం కదపొద్దు. 2025 వింబుల్డన్ ఫైనల్లో అనిసిమోవాని స్వియాటెక్ 6-0, 6-0తో 57 నిమిషాల్లో ముగించింది. ఆ స్కోరు చూసినవాళ్లు అనిసిమోవా ఇక స్వియాటెక్‌ని ఓడించడం జరగని పని అనుకున్నారు. అదే ఏడాది సెప్టెంబరులో యూఎస్ ఓపెన్ క్వార్టర్స్‌లో 6-4, 6-3తో గెలిచింది అనిసిమోవా. నా దగ్గర నేర్చుకునే పిల్లలకి ఆ రెండు స్కోర్లూ బోర్డు మీద రాసి పెట్టాను.

మ్యాచ్‌లు చూసేటప్పుడు ఏసులు (అవతలివాళ్లు తాకలేని సర్వ్‌లు) లెక్కపెట్టకు, రెండో సర్వ్, అంటే మొదటిది తప్పితే వేసే సర్వ్ మీద ఎన్ని పాయింట్లు గెలుస్తోందో చూడు. మన టైములో సెంటర్ కోర్టు ఆట మామూలుగా సాయంత్రం ఆరింటికి మొదలవుతుంది, కాలేజీకి ఇబ్బంది లేదు. మొదటి సర్వ్ అందరికీ బాగానే పడుతుంది. ఒత్తిడిలో 30-40 దగ్గర, అంటే ఇంకో పాయింట్ పోతే గేమ్ పోయే చోట రెండో సర్వ్ వెయ్యాల్సి వచ్చినప్పుడు అసలు బలం తెలుస్తుంది. పాయింట్ స్థాయిలో చిన్న తేడా ఎంత పెద్దదవుతుందో చూడు: సర్వ్ చేస్తూ ప్రతి పాయింటూ గెలిచే అవకాశం 55 శాతం అయితే ఆ గేమ్ గెలిచే అవకాశం 62 శాతం. అక్కడినుంచి సెట్‌కీ, మ్యాచ్‌కీ ఇంకా పెరుగుతుంది. అందుకే మూడో రౌండ్‌కల్లా రెండో సర్వ్ పాయింట్ల అంకె ఒక్కటి చూసి నీ కాగితం దిద్దుకోవచ్చు.

హాస్టల్ డబ్బా సంగతి. ఒక్క పేరు రాసే పద్ధతి మార్చండి. ప్రతి మ్యాచ్‌కీ ఒక శాతం రాయండి. స్కోరు వెయ్యడానికి 1950లో గ్లెన్ బ్రయర్ వాతావరణ అంచనాల కోసం చెప్పిన లెక్క సరిపోతుంది: గెలిచినామెకి నువ్వు ఇచ్చిన అవకాశాన్ని 1లోంచి తీసేసి వర్గం చెయ్యి. 70 శాతం ఇచ్చినామె గెలిస్తే 0.09, ఆమె ఓడితే 0.49. ఎప్పుడూ 50 అని రాసేవాళ్లకి ప్రతిసారీ 0.25 వస్తుంది. టోర్నీ అయ్యాక సగటు ఎవరిది తక్కువైతే వాళ్లే నెగ్గినట్టు. నువ్వు 0.25 కంటే కిందికి వచ్చావంటే నీకు టెన్నిస్ గురించి నిజంగా ఏదో తెలిసినట్టే. నేను మా కోర్టు దగ్గర పిల్లలతో ఇదే ఆడిస్తాను. విజేత పేరు తప్పినా వాళ్లు డీలా పడరు, ఏ మ్యాచ్ దగ్గర శాతం ఎక్కువ వేశామా అని వాదించుకుంటారు.

మీ అన్నయ్యకి 2018 వింబుల్డన్ గురించి చెప్పు. ఆ ఏడాది మొదటి పది సీడ్లలో ఒక్కరు కూడా క్వార్టర్స్‌కి రాలేదు. అంత గందరగోళం తరవాత ఫైనల్ ఆడిందెవరు? సెరెనా విలియమ్స్, ఏంజెలిక్ కెర్బర్. ఒకామెకి అప్పటికే 23 గ్రాండ్ స్లామ్‌లు, ఇంకొకామె రెండు గ్రాండ్ స్లామ్‌లు గెలిచిన మాజీ నంబర్ వన్. కెర్బర్ 6-3, 6-3తో గెలిచింది. సీడ్ నంబర్లు పోయాయి గాని ఆట తెలిసినవాళ్లే మిగిలారు.

చివరిగా యాప్. వద్దమ్మా. మన రాష్ట్రంలో 2020లోనే ఆన్‌లైన్ బెట్టింగ్‌ని నిషేధించారు, 2025లో కేంద్రం కూడా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద చట్టం తెచ్చింది. చట్టం పక్కన పెట్టినా లెక్క కుదరదు. సరిసమానమైన ఇద్దరి మధ్య మ్యాచ్‌కి న్యాయంగా రూపాయికి రెండు రూపాయలు ఇవ్వాలి. వాళ్లు ఇచ్చేది ఏ 1.90యో ఉంటుంది. 1ని 1.90తో భాగిస్తే 52.6 శాతం, ఇద్దరికీ కలిపి 105 దాటుతుంది. నూరు ఉండాల్సిన చోట ఆ పైనున్న అయిదు వాళ్ల జేబులోకి. అంటే నీ అంచనాలు సరిగ్గా వాళ్ల అంచనాలంత మంచివైనా పెట్టిన ప్రతి వంద రూపాయలకీ సగటున అయిదు రూపాయలు పోతాయి. వాళ్లకంటే ఎప్పుడూ బాగా అంచనా వేస్తేనే పోకుండా ఉంటుంది, ఆ పనికి వాళ్లు జీతాలిచ్చి మనుషుల్ని పెట్టుకున్నారు. మీ సీనియర్‌కి వచ్చాయని చెబుతున్న డబ్బుల పక్కన పోయినవి కూడా ఒక నెలపాటు పుస్తకంలో రాసుకోమను, కూడిక తనే చేసుకుంటుంది. డ్రా పడ్డాక నీ శాతాల కాగితం ఇక్కడే పెట్టు, మొదటి రౌండ్ మొదలయ్యేలోపు చూసి ఏ మ్యాచ్ దగ్గర నాకు వేరే అభిప్రాయం ఉందో రాస్తాను.